కాలేజీ పెట్టిన కోర్సు, ఇంట్లో పెట్టాల్సిన నియమం
పాఠకుల ప్రశ్నలు – మానసిక నిపుణుడి సమాధానాలు

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. యలహంక వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు, హాస్టల్‌లో ఉంటున్నాడు. కొత్తగా చేరిన విద్యార్థులందరూ మద్యం గురించిన ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలని కాలేజీవారు చెప్పారు. తల్లిదండ్రులకు కూడా జూమ్‌లో ఒక గంట సమావేశం పెట్టారు. మావాడికి ఇంతవరకు ఆ అలవాటు లేదు. లేని ఆలోచనను మనమే రేకెత్తించినట్లు కాదా? కోర్సులో వాడు ఏ జవాబులు ఇచ్చాడో కాలేజీని అడిగి తెలుసుకోవచ్చా? అసలు ఇలాంటి కోర్సులవల్ల ఏమైనా ఉపయోగం ఉంటుందా?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: మీ మొదటి సందేహం చాలామంది తల్లులకు వచ్చేదే కానీ, దాని గురించి బెంగ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మందు సంగతి కాలేజీ చెబితే తెలిసేది కాదు. పెళ్లి బరాత్‌లో చూసి ఉంటాడు, సినిమాలో చూసి ఉంటాడు, సోడా పేరుతోనో మ్యూజిక్ సీడీల పేరుతోనో వచ్చే ప్రకటనల్లో అదే బ్రాండు గుర్తును చూసి ఉంటాడు. వాడికి తెలియనిది వేరే ఉంది. తోటివాళ్లు నిజంగా ఎంతమంది తాగుతున్నారు, ఎంత తాగుతున్నారు అన్నది వాడికి తెలియదు, తెలుసని మాత్రం అనుకుంటాడు.

ఇలాంటి కోర్సుల్లో బాగా తయారైనవన్నీ ఈ ఒక్క సంగతిని పట్టుకునే నడుస్తాయి. మొదట కొన్ని ప్రశ్నలు అడుగుతారు: గడచిన నెలలో ఎన్ని రోజులు తాగావు, తాగిన రోజున ఎంత తాగావు, నీ వయసువారిలో నూటికి ఎంతమంది తాగుతారని నీ అంచనా. ఈ చివరి ప్రశ్నకు ఎక్కువమంది అంకె పెంచే రాస్తారు. శనివారం రాత్రి హాస్టల్ వరండాలో కేకలు పెట్టిన నలుగురే అందరికీ గుర్తుంటారు, అదే రాత్రి గదిలో పడుకుని ఫోన్ చూసుకున్న నలభైమంది ఎవరి కంటా పడరు. అమెరికాలో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు 1986లోనే ఈ పొరపాటు అంచనాను విద్యార్థుల్లో గుర్తించి రాశారు. మన దేశం సంగతికి వస్తే, ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.3 శాతం. ఇంజనీరింగ్ హాస్టళ్లలో ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు, కాదనను. కానీ "అందరూ తాగుతారు" అన్న మాటకూ ఈ అంకెలకూ ఎంత దూరముందో చూడండి. విద్యార్థి వేసిన అంచనా పక్కనే అసలు అంకెను తెరమీద చూపించి, నువ్వు చెప్పిన లెక్క ప్రకారం నీ తాగుడు ఇంతమంది కంటే ఎక్కువ, దానికి నెలకు ఇంత ఖర్చవుతోంది అని వాడి లెక్కే వాడికి అప్పజెప్పడం ఈ కోర్సుల పద్ధతి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ బృందం ముఖాముఖి కౌన్సెలింగ్‌గా రూపొందించిన "బేసిక్స్" అనే కార్యక్రమంలోనూ ఇలాంటి లెక్క చెప్పడమే ప్రధానం. అందులో ఉపన్యాసం ఉండదు, బెదిరింపు ఉండదు.

ఉపయోగం ఎంత అంటే, ఉన్నమాట చెప్పాలి, కొద్దిపాటిదే. తోటివారి అసలు అలవాట్లను చూపించే ఈ పద్ధతిమీద జరిగిన అధ్యయనాలను వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసి, ప్రభావం చాలా స్వల్పమని తేల్చింది. కంప్యూటర్ ద్వారా జరిగే కార్యక్రమాల ఫలితం ముఖాముఖి కౌన్సెలింగ్ ఫలితం కంటే తక్కువగా ఉండటం, కొన్ని నెలల్లో సన్నగిల్లిపోవడం కూడా చాలా అధ్యయనాల్లో కనిపించింది. దానికి తోడు మన పిల్లల తెలివితేటలు ఉండనే ఉన్నాయి. వీడియోను శబ్దం లేకుండా ఒక పక్క నడవనిచ్చి, చివర వచ్చే ప్రశ్నలకు సీనియర్లు వాట్సాప్‌లో పంపిన జవాబులు నొక్కి సర్టిఫికెట్ తీసుకునేవారు ఏ కాలేజీలోనైనా దొరుకుతారు. కాబట్టి సమావేశంలో మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కోర్సు ఏడాదికి ఒక్కసారేనా, లేక రెండో సెమిస్టరులో మళ్లీ ఏమైనా ఉంటుందా?

అలాగని కోర్సును తీసిపారేయకండి. ఒంటరిగా బలం లేని పని మరొకదానితో కలిస్తే బలం పుంజుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో హైస్కూలు మొదటి సంవత్సరం పిల్లలమీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2009లో వెలువడ్డాయి. కొన్ని బడుల్లో పిల్లలకు మాత్రమే కంప్యూటర్ పాఠాలు చెప్పారు. కొన్నింటిలో తల్లిదండ్రులకు మాత్రమే సమావేశం పెట్టి, తరగతి తల్లిదండ్రులందరూ కలిసి మద్యం విషయంలో ఒకే నియమానికి ఒప్పుకునేలా చేశారు. మరికొన్నింటిలో రెండూ చేశారు. పిల్లలకు ఒక్కరికే చెప్పినచోట, పెద్దలకు ఒక్కరికే చెప్పినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ జరిగినచోట మాత్రం అతిగా తాగడం తగ్గింది. వారు పన్నెండు పదమూడేళ్ల పిల్లలు కాబట్టి ఆ ఫలితాన్ని మీ అబ్బాయికి యథాతథంగా అన్వయించలేం. కానీ అమెరికాలో రాబ్ టురిసి అనే పరిశోధకుడి బృందం సరిగ్గా మీ అబ్బాయి దశలో ఉన్నవారితోనే పనిచేసింది. కాలేజీలో అడుగుపెట్టకముందే తల్లిదండ్రుల చేతికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, పిల్లలతో ఎలా మాట్లాడాలో అందులో చెప్పారు, కాలేజీకి వచ్చాక పిల్లలకు బేసిక్స్ తరహా కౌన్సెలింగ్ ఇచ్చారు. అక్కడ కూడా రెండూ కలిసినప్పుడే మేలు ఎక్కువగా కనిపించింది. అందువల్ల ఆ జూమ్ గంటను ఆఫీసు పని చేసుకుంటూ చెవిన వేసుకునే సమావేశంగా చూడకండి. నా దృష్టిలో అది మీ అబ్బాయి చేసే కోర్సు కంటే తక్కువది కాదు.

మీ అబ్బాయి జవాబులు అడిగి తెలుసుకోవచ్చా అన్నదానికి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. అమ్మకు తెలుస్తుందన్న అనుమానం ఉన్న మరుక్షణం ప్రతి విద్యార్థీ "ఎప్పుడూ తాగలేదు" అని నొక్కేస్తాడు, ఇక ఆ కోర్సుకు లెక్క చెప్పడానికి లెక్కే ఉండదు. జవాబులు రహస్యంగా ఉంటాయా అని కాలేజీని అడగండి, ఉంటాయని చెబితే సంతోషించండి.

ఇక మీ వంతు పని. నియమం ఒక్కటే ఉండాలి, అది మీ దంపతులిద్దరి నోటా ఒకేలా రావాలి. "లిమిట్‌లో ఉండు" అన్నది నియమం కాదు, ఎందుకంటే ఆ లిమిట్ ఎంతో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. కర్ణాటకలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ అంతే. కాబట్టి నియమానికి గట్టి ఆధారమే ఉంది. వాడు ఇంటికి వచ్చిన ఆదివారం, భోజనాల దగ్గర కాకుండా, బట్టలు సర్దుకుంటున్నప్పుడో మీతో పాటు కూరగాయలకు వచ్చినప్పుడో ఇలా అనవచ్చు: "నాన్నా, ఇరవై ఒకటి నిండేదాకా మందు జోలికి వెళ్లకూడదన్నది నాదీ, మీ నాన్నదీ మాట. అయినా ఎప్పుడైనా ఏదైనా జరిగితే, నువ్వు తాగినా, నీ ఫ్రెండ్ తాగి బండి తీస్తానన్నా, అర్ధరాత్రి రెండింటికైనా నాకు ఫోన్ చెయ్యి. క్యాబ్ వేసుకుని వచ్చేస్తాను. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగను." తెల్లవారాక అడగవచ్చు, అడగాలి కూడా. ఇందులో మొదటి సగం చెప్పి రెండో సగం మింగేస్తే వాడు మీకు అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. రెండో సగం చెప్పి మొదటిది వదిలేస్తే అనుమతి ఇచ్చారనుకుంటాడు.

హాస్టల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉండే ఉంటుంది. ఫీజుల గడువు, మెస్ భోజనం గురించి వంద సందేశాలు నడిచే ఆ గ్రూపులో ఈ నియమం గురించి ఒక్క సందేశం పెట్టి చూడండి. "మా రూమ్మేట్ వాళ్లింట్లో ఏమీ అనరు" అన్న బేరం అక్కడితో సగం ఆగిపోతుంది. ఖర్చుల డబ్బు నెలకొకసారి కాకుండా వారానికొకసారి పంపడం మంచిదే. అంతకుమించి వాడి ఫోన్‌లో యూపీఐ చెల్లింపులు వెతకడం, గదికి చెప్పకుండా వెళ్లి సోదా చేయడం చేయకండి.

ప్రశ్న: మాది నెల్లూరు, వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డాం. నేను శనివారాల్లో ఇంట్లోనే రెండు పెగ్గులు తీసుకుంటాను, దాపరికం లేదు. మా అబ్బాయికి పదిహేడేళ్లు. బయట ఎక్కడో దొంగచాటుగా తాగేకంటే నా ఎదుటే ఒక బీరు రుచి చూస్తే హద్దు తెలుస్తుందని నా ఉద్దేశం. విదేశాల్లో అలాగే నేర్పుతారట. మా ఆవిడ ససేమిరా అంటోంది. మీరేమంటారు?
– ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్

జవాబు: నేను మీ ఆవిడగారి పక్షం.

మీ ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే ఎన్నో దేశాల్లో తల్లిదండ్రులు దానిని నమ్మారు. అది నిజమో కాదో తేల్చడానికి ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లలను ఆరేళ్లపాటు ఏటా పలకరించారు. ఆ ఫలితాలు 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చాయి. ఇంట్లో తల్లిదండ్రులే పోసి ఇచ్చిన పిల్లలకు హద్దు తెలిసినట్లు ఎక్కడా కనబడలేదు. పైగా అలాంటి పిల్లలు మరుసటి ఏడాదికి బయట ఇతరుల దగ్గర కూడా మద్యం సంపాదించుకునే అవకాశం పెరిగింది. ఒకేసారి అతిగా తాగడం, దానివల్ల వచ్చే ఇబ్బందులు కూడా, అసలు ఎవరూ ఇవ్వని పిల్లల కంటే వారిలో ఎక్కువగా ఉన్నాయి. తండ్రి చేతిలోంచి అందిన గ్లాసు పిల్లవాడికి కొలత నేర్పదు, ఆ పని తప్పు కాదని మాత్రం చెబుతుంది.

విదేశాల సంగతి ఎత్తారు కాబట్టి ఐస్‌లాండ్‌ను చూడండి. 1998లో అక్కడ పదిహేను పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలరోజుల్లో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి ఆ సంఖ్య 5 శాతానికి దిగింది. వారు పిల్లలకు ఇంట్లో రుచి చూపించలేదు. తల్లిదండ్రులు ఊరూరా లిఖితపూర్వకంగా ఒప్పందాలు చేసుకున్నారు, రాత్రిపూట పిల్లలు బయట తిరిగే వేళలను కట్టడి చేశారు, ఆటలకూ సంగీతానికీ ప్రభుత్వం డబ్బిచ్చింది.

చట్టం సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. వైద్యుడు చెబితే తప్ప పద్దెనిమిదేళ్లలోపువారికి మత్తు పానీయం ఇవ్వడం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద నేరం. ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇచ్చింది కన్నతండ్రి అయితే ఫర్వాలేదని అందులో ఎక్కడా లేదు.

మీరు తాగడం మానేస్తే తప్ప కొడుక్కి చెప్పే అర్హత లేదని మాత్రం నేను అనను. తాగే తండ్రి కూడా "ఇది నీ వయసుకు కాదు" అని నిలబడి చెప్పవచ్చు. కాకపోతే కొన్ని చిన్న పనులు ఆ మాటను మింగేస్తాయి. శనివారం సాయంత్రం "ఒరేయ్, ఫ్రిజ్‌లో ఐస్ తీసుకురా" అనడం, కింద కొట్టుకు పంపి సోడా, మంచింగ్ తెప్పించడం, మీ స్నేహితులు కూర్చున్నప్పుడు కాలేజీ రోజుల్లో ఎన్ని సీసాలు ఖాళీ చేశారో వాడు వింటుండగా నవ్వుతూ చెప్పుకోవడం. మీ పెగ్గులకంటే ముందు ఇవి మానండి.

ప్రశ్న: నాకు పంతొమ్మిదేళ్లు. కడప నుంచి చదువుకోవడానికి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర పీజీలో ఉంటున్నాను. స్నేహితులు ఎవరి పుట్టినరోజుకైనా కోరమంగళలో ట్రీట్ ఇస్తారు. నేను ఒక్క బీరు మాత్రమే తీసుకుంటాను, విస్కీ, వోడ్కా ముట్టను. అయినా పోయినసారి ఇంటికి ఎలా వచ్చానో సరిగ్గా గుర్తులేదు. ఒక్క బీరుకే అలా అవుతుందా? మానేద్దామంటే వాళ్లు వెలివేస్తారేమోనని భయం.
– ఒక విద్యార్థిని

జవాబు: అవుతుంది. "ఒక్క బీరు" అన్న మాటలోనే మోసముంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా మొత్తం తాగితే దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి పోతుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే విస్కీ ముట్టనని చెబుతూ మీరు నాలుగు పెగ్గులు తాగినట్లు. కాలేయం గంటకు సుమారు ఒక పెగ్గుకు మించి వదిలించలేదు, కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. పైగా స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి ఒకే బరువున్న మగవాడితో సమానంగా తాగినా రక్తంలో ఆల్కహాల్ మోతాదు మీలోనే ఎక్కువగా ఉంటుంది. భోజనం చేయకుండా తాగితే ఇంకా త్వరగా ఎక్కుతుంది. ఇంటికి ఎలా వచ్చారో గుర్తులేకపోవడం నిద్రమత్తు కాదు. ఆ సమయంలో మెదడు జ్ఞాపకాలను నమోదు చేసుకోవడం ఆపేసింది. మెదడు ఎదుగుదల ఇరవై దాటాక కూడా సాగుతూనే ఉంటుంది కాబట్టి ఈ వయసులో ఆ సంకేతాన్ని తేలిగ్గా తీసుకోకండి.

మానడానికి సాకులు వెతకకండి. యాంటీబయాటిక్స్ వాడుతున్నానన్న సాకు ఒకసారి పనిచేస్తుంది, మరుసటి పుట్టినరోజుకు కొత్త జబ్బు కావాలి. "నాకు పడదు, మానేశాను" అని ఒక్క ముక్క చెప్పి వెంటనే వేరే మాటలోకి వెళ్లిపోండి. చేతిలో నిమ్మ సోడానో మరేదో ఉంటే గ్లాసు నింపడానికి వచ్చే చేతులు తగ్గుతాయి. మరో సంగతి, బిల్లు తలా ఇంతని సమానంగా పంచుకునే పద్ధతి తాగనివారిని కూడా "డబ్బులిస్తున్నాం కదా" అని తాగేలా చేస్తుంది. మీ బిల్లు విడిగా వేయించుకోండి. మొదటి రెండుసార్లు ఎగతాళి చేస్తారు. నన్నడిగితే, ఆ గుంపులోనే మీలాగా మానాలనుకుంటూ నోరు విప్పనివారు ఒకరిద్దరైనా ఉంటారు. మీరు మానితే వారికీ ధైర్యం వస్తుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. స్నేహితులు ఎవరైనా తాగి పిలిచినా పలకకుండా పడిపోతే, శ్వాస నెమ్మదిస్తే, ఒళ్లు చల్లబడితే, "పడుకుంటే తగ్గుతుంది" అని గదిలో వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడి చనిపోయే ప్రమాదముంది. నిమ్మరసం, మజ్జిగ, ఉప్పునీళ్లు, ఏదీ నోట్లో పోయకండి. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా పక్కనే ఉండండి. పీజీ ఓనరుకు తెలుస్తుందన్న భయంతో గంట ఆలస్యం చేయడం కంటే గది ఖాళీ చేయాల్సి రావడమే నయం.

ప్రశ్న: పత్రికలో చదివి అడుగుతున్నాను. మా అబ్బాయికి పంతొమ్మిది. వారంలో నాలుగైదు రోజులు తాగుతున్నాడు, కాలేజీకి వెళ్లడం మానేశాడు. ఆన్‌లైన్ కోర్సు ఏదైనా ఇంట్లోనే చేయిస్తే సరిపోతుందా? డాక్టరు దగ్గరకు రమ్మంటే రానంటున్నాడు.
– ఒక తండ్రి, కె.ఆర్. పురం

జవాబు: సరిపోదు. ఆ కోర్సులు ఇంకా మొదలుపెట్టనివారికీ, అప్పుడప్పుడు తాగేవారికీ ఉద్దేశించినవి. వారంలో నాలుగైదు రోజులు తాగుతూ చదువు వదిలేసినవాడికి చికిత్స కావాలి. తిట్టి, గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించే పని మాత్రం చేయకండి. రోజూ ఎక్కువ మోతాదులో తాగేవారికి హఠాత్తుగా ఆపితే చేతులు వణకడం, మూర్ఛ రావడం, మతి తప్పడం జరగవచ్చు. ఉదయం లేవగానే వణుకు కనబడుతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

బెంగళూరులో ఉన్నారు కాబట్టి హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ మీకు అందుబాటులో ఉంది. అక్కడ వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. అబ్బాయి రానంటే ముందు మీరు మాట్లాడండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరు, అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. ఫోన్ చేసేది తాగేవారే అయి ఉండనక్కర్లేదు, ఇంట్లో మాట ఎలా కదపాలో తండ్రిగా మీరే అడగవచ్చు. చేసేముందు మూడు విషయాలు కాగితంమీద రాసి పెట్టుకోండి: రోజుకు ఎంత తాగుతున్నాడు, ఎంతకాలంగా తాగుతున్నాడు, తాగని రోజు ఉదయం ఎలా ఉంటాడు. అవతలివారు మొదట అడిగేది ఇవే.